ఎవరి గడియారం ప్రకారం?

2019 ఏప్రిల్ 2వ తేదీ, మంగళవారం. సాయంత్రం 7-25 గంటలకే నేనూ, మా కార్యాలయంలో విదేశీ ఉత్తరాలు చూచే యువ సహచరుడూ కాగితాలు సర్దుకొని కంప్యూటరు ముందు కూర్చున్నాము. ఐరోపాలోని ఒక అంతర్జాతీయ కార్మిక సంఘ కార్యాలయం ప్రతి నెలా మొదటి మంగళవారం జరిపే సమావేశమది. వివిధ దేశాల సంఘాల వారు ఎవరి కార్యాలయం నుండి వారే తెరపైన పాల్గొంటారు. ఆనాటి చర్చనీయాంశాలలో రెండవది మనది. గల్ఫ్‌లో ఒక నిర్మాణ సంస్థ నెలల తరబడి జీతాలివ్వక లేబర్ క్యాంపులో వదలివేసిన కార్మికుల విషయం. వారిలో కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల వారు ఎక్కువ. కడప వారు కొందరు. నేపాల్, బంగ్లాదేశ్ సోదరులూ ఉన్నారు. సరిగా 7-30కు మీట నొక్కితే తెర మీద ఇద్దరే కనిపించినారు. వారిలో ఒక సోదరి కాగితాలు మడుస్తూ, "సమావేశం ఇప్పుడే ముగిసినది, మీ కోసం చాలాసేపు చూచినాము" అన్నది.

సమావేశం మన 6-30కే మొదలైనది. అంతకు రెండు రోజుల క్రితం, మార్చి 31 ఆదివారం తెల్లవారుజామున, ఐరోపా దేశాలు తమ గడియారాలను ఒక గంట ముందుకు జరుపుకొన్నవి. శీతకాలంలో వారి మధ్యాహ్నం 3 గంటలు మనకు రాత్రి 7-30. వేసవిలో అదే 3 గంటలు మనకు 6-30. ఐదు నెలలుగా 7-30కు అలవాటుపడిన మేము ఆరవ నెలలోనూ 7-30కే కూర్చున్నాము.

ఇక్కడ ఒక చమత్కారం కూడా ఉన్నది. వారు పంపిన ఈ-మెయిల్‌లో "15-00 గంటలు, సి.ఇ.టి." అని వ్రాసి ఉన్నది. సి.ఇ.టి. అనగా మధ్య ఐరోపా ప్రామాణిక కాలం. అది గ్రీనిచ్‌కు ఒక గంట ముందుండే శీతకాలపు లెక్క. వేసవిలో దానికి మరొక అక్షరం చేర్చి సి.ఇ.ఎస్.టి. అని వ్రాయాలి. అక్కడి గుమాస్తా పాత ఉత్తరాన్నే తేదీ మార్చి పంపినాడు. కనుక ఆ ఉత్తరాన్ని అక్షరాలా చదివితే మన లెక్కే సరైనది! నేను ఈ మాట పట్టుకొని కొంతసేపు వాదించినాను కూడా. వాదనలో నెగ్గినాను. సమావేశం మాత్రం అయిపోయినది.

ఆ రాత్రి 9 గంటలకు జగిత్యాల నుండి ఒక చెల్లెలు ఫోను చేసినది. ఆమె భర్త ఆ క్యాంపులోనే ఉన్నాడు. "అన్నా, మీటింగుల మావోళ్ల ముచ్చట వచ్చిందా?" అని అడిగినది. రాలేదు చెల్లె, వచ్చే నెలకు పోయినది అన్నాను. ఎందుకు పోయినదో చెప్పలేకపోయినాను. భర్త ఐదు నెలలుగా జీతం లేక ఎడారిలో కూర్చున్న మనిషికి, ఐరోపా గడియారం జరిగినది, మేము చూచుకొనలేదు అని ఏ నోటితో చెప్పుదుము? మే నెల సమావేశానికి మన అంశం వచ్చినది, తీర్మానమూ జరిగినది. కాని ఆలోగా క్యాంపులోని వారిలో సగం మంది, టిక్కెట్టు చేతికిస్తే చాలునని, బకాయిలన్నీ ముట్టినట్లు సంతకాలు చేసి ఇండ్లకు చేరినారు. నెల ముందు తీర్మానం జరిగియుంటే ఆ సంతకాలు ఆగేవని నేను ప్రమాణం చేయలేను. ఆగేవి కావని కూడా చెప్పలేను. ఆ అనుమానమే నా చేత ఈ వ్యాసం వ్రాయించుచున్నది.

ఈ-మెయిల్‌లో గంట ఎట్లా వ్రాయాలో చెప్పుటకు సంఘ పత్రికలో ఇంత స్థలమా అని కొందరు సోదరులు అనవచ్చును. కాలం ఎవరి లెక్కన నడవాలన్నది కార్మికులకు కొత్త తగాదా కాదు. 1906 జనవరి 1వ తేదీకి ముందు మన దేశంలో ఒకే కాలం లేదు. బొంబాయి కాలం గ్రీనిచ్‌కు 4 గంటల 51 నిమిషాలు ముందు. కలకత్తా కాలం దాదాపు 5 గంటల 53 నిమిషాలు ముందు. రైళ్లు మద్రాసు కాలం ప్రకారం నడిచేవి. ఆ రోజున ప్రభుత్వం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా దేశమంతటికీ ఒకే కాలాన్ని, గ్రీనిచ్‌కు 5½ గంటలు ముందుగా, నిర్ణయించినది. (ఆ రేఖ మన కాకినాడ సమీపం నుండే పోవుచున్నది.) ఈ లెక్కన బొంబాయి గడియారం ఒక్కసారిగా 39 నిమిషాలు ముందుకు పోవాలి. మిల్లు కూత కొత్త గడియారం ప్రకారం వేసినచో, కార్మికుడు సూర్యుని లెక్కన 39 నిమిషాలు ముందే లేచి, చీకటిలోనే మగ్గం దగ్గరకు రావాలి. ఆ జనవరి మొదటి వారంలోనే బొంబాయిలో వేలాది పత్తి మిల్లు కార్మికులు పని మాని మిల్లుపై రాళ్లు రువ్వినారు. నగరంలోని పెద్దమనుషులు కూడా వేరే కారణాలతో సభలు జరిపి, మహజర్లు పంపినారు. బొంబాయి కాలం పూర్తిగా వాడుక తప్పుటకు 1955 వరకు పట్టినది. కలకత్తా తన కాలాన్ని 1948 వరకు వదలలేదు. అస్సాం తేయాకు తోటలలో నేటికీ "బాగాన్ టైమ్" అనే తోట గడియారం దేశ కాలానికి ఒక గంట ముందు నడుస్తున్నది. అక్కడ సూర్యుడు ముందు ఉదయిస్తాడన్నది నిజమే. ఆ గంటను మొదట నిర్ణయించినది దొరలన్నదీ నిజమే.

ఇప్పుడు మన అలవాటు వేరు. యుద్ధకాలంలో, 1942 నుండి 1945 వరకు, మన గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపినారు. 1945 అక్టోబరు నుండి అది కదలలేదు. మూడు తరాలుగా కదలని గడియారం క్రింద బ్రతికిన మనకు, ఇతరుల గడియారం ఏడాదికి రెండు మార్లు కదులునన్న స్పృహ ఉండదు. మా పొరపాటుకు మూలం ఇదే. మన ముల్లు జరగలేదు కనుక ఏమీ మారలేదనుకొన్నాము. కదిలినది వారి ముల్లే, మారినది మాత్రం మన వేళ.

ఐరోపా వారు మార్చి ఆఖరి ఆదివారం ముందుకు, అక్టోబరు ఆఖరి ఆదివారం వెనుకకు జరుపుతారు. అమెరికా వారు 2007 నుండి మార్చి రెండవ ఆదివారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనుకకు జరుపుతున్నారు. కనుక మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబరు చివర ఒక వారం, ఆ ఇద్దరి మధ్యనే లెక్క తప్పుతుంది. వారిద్దరికీ మనం ఉత్తరం వ్రాసినప్పుడు ఇంకా తప్పుతుంది. న్యూయార్కు మనకు వేసవిలో 9½ గంటలు, శీతకాలంలో 10½ గంటలు వెనుక. భూమధ్యరేఖకు ఆవల ఉన్న సిడ్నీలో అంతా తలక్రిందులు. అక్కడి వేసవి అక్టోబరులో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. ఆ కాలంలో వారు మనకు 5½ గంటలు ముందు, మిగిలిన కాలంలో 4½ గంటలు. అదే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం ముల్లు కదపదు. బ్రెజిల్ 2019లో ఈ పద్ధతిని మానుకొన్నది. ఇవన్నీ కంఠస్థం చేయవలసిన పని లేదు. మార్చి, ఏప్రిల్, అక్టోబరు, నవంబరు నెలలలో ఏ విదేశీ సమావేశానికైనా గంటను మరల ఒకసారి అడిగి తెలుసుకొనవలెను. అంతే.

ఇరుగు పొరుగు కూడా తక్కువ కాదు. పాకిస్తాన్ మనకు అరగంట వెనుక, బంగ్లాదేశ్ అరగంట ముందు. నేపాల్ పావుగంట ముందు. 1986 నుండి వారిది 5 గంటల 45 నిమిషాల లెక్క. శ్రీలంక 1996లో తన గడియారాన్ని మార్చుకొని, 2006లో మరల మన కాలానికి వచ్చినది. బంగ్లాదేశ్ 2009లో ఒక్క ఏడాది వేసవి గడియారం పెట్టి చూచి విరమించుకొన్నది. పావుగంటలో ఏమున్నదిలే అని ఖాట్మండు సోదరులను ప్రతిసారీ పదిహేను నిమిషాలు కాచుకొని కూర్చుండబెట్టిన పెద్దలను నేనెరుగుదును. వారు మర్యాదస్తులు గనుక ఏమీ అనలేదు.

గంట ప్రక్కన "ఐ.ఎస్.టి." అని వ్రాస్తే సరిపోతుందని మనలో చాలామంది నమ్మకం. ఐర్లాండ్ వారు తమ వేసవి కాలానికీ, ఇజ్రాయెల్ వారు తమ ప్రామాణిక కాలానికీ ఈ మూడు అక్షరాలే వాడుతారు. అట్లే "సి.ఎస్.టి." అన్న గుర్తు అమెరికా మధ్య భాగానికీ, చైనాకూ కూడా చెల్లుతుంది. రెండింటికీ మధ్య 14 గంటల తేడా. పొడి అక్షరాలు ఇంటి వారికే అర్థమవుతాయి. "భారత కాలం, యూటీసీకి 5-30 ముందు" అని విడమరచి వ్రాయుటకు అర నిమిషం కూడా పట్టదు. యూటీసీ అన్నది సమన్వయ సార్వత్రిక కాలం. పాత గ్రీనిచ్ కాలం వంటిదే. ఏ దేశపు వేసవికీ కదలదు. ఇద్దరు అపరిచితుల మధ్య అది మంచి మధ్యవర్తి.

ఇక తేదీ సంగతి. మన భాషలో రోజు ఎప్పుడు మారుతుంది? కాగితం మీద అర్ధరాత్రి. మన నోటిలో మాత్రం తెల్లవారినప్పుడే. శనివారం పడుకొని, నిద్ర పట్టక ఒంటి గంటకు లేచినవాడు "శనివారం రాత్రి ఒంటిగంటకు" అంటాడే గాని ఆదివారం అనడు. ఇంట్లో ఇది చక్కగా చెల్లుతుంది. "శనివారం రాత్రి 1 గంట" అని ఆంగ్లంలోకి మార్చి పంపితే, అవతలి వారికి అది శనివారం మొదలైన తొలి గంట. ఇరవై నాలుగు గంటల తేడా! ఒక విమానాశ్రయంలో అర్ధరాత్రి దిగిన విదేశీ ప్రతినిధి ఒకరు మన పుణ్యమా అని తెల్లవార్లూ ఇనుప కుర్చీలో కూర్చున్నారు. మరునాటి రాత్రి పూలదండతో మన వారు వెళ్లినారు.

ఈ చిక్కును మన పెద్దలు ఎప్పుడో విప్పినారన్నది నన్ను ఆశ్చర్యపరచే విషయం. పెళ్లి శుభలేఖ తీసి చూడండి. "శనివారం రాత్రి 1-20 ని.లకు (తెల్లవారితే ఆదివారం)" అని ఉంటుంది. ముహూర్తం తప్పితే పరువు పోతుంది గనుక వారు అంత జాగ్రత్తపడినారు. వారం, తేదీ, గంట, నిమిషం, ఏ రాత్రి ఏ తెల్లవారుజామున కలుస్తుందో, అంతా ఆ చిన్న పసుపు కార్డులో ఉంటుంది. మన సంఘ కార్యాలయాల నుండి వెళ్లే ఈ-మెయిళ్లలో ఆ పాటి శ్రద్ధ లేదు. "రేపు సాయంత్రం 5 లోగా పంపగలరు" అని వ్రాస్తాము. ఎవరి రేపు? ఎవరి సాయంత్రం? మనీలాలోని సోదరుడు మన ఉత్తరం చదివే వేళకు ఆయనకు ఆ రేపు వచ్చేసి ఉండవచ్చు. "05/04" అని వ్రాస్తే మనకు ఏప్రిల్ 5; అమెరికా వారికి మే 4. నెల పేరు అక్షరాలలో వ్రాస్తే ఈ గొడవే లేదు.

గల్ఫ్ వ్యవహారాలు చూచే సోదరులు వారాంతాన్ని కూడా లెక్కలోకి తీసుకొనవలసి ఉన్నది. కువైట్, ఖతర్, సౌదీ అరేబియాలలో శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం పనిదినం. ఎమిరేట్స్‌లో 2022 జనవరి నుండి శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం ఒక పూట పని. ఐరోపాలో శని, ఆదివారాలు. ఒక జీతాల బకాయి కేసుకు హైదరాబాదు, దోహా, ఐరోపా కార్యాలయాలు మూడూ కలసి పనిచేయాలంటే, ఉమ్మడిగా చిక్కేవి సోమవారం నుండి గురువారం వరకు నాలుగు రోజులే. ఆ నాలుగు రోజులలోనూ ఐరోపా కార్యాలయం తెరిచేసరికి మనకు మధ్యాహ్నం దాటుతుంది. దోహా మనకు 2½ గంటలు వెనుక. గురువారం సాయంత్రం తీరికగా వ్రాసిన ఉత్తరాన్ని దోహాలో ఆదివారం తెరుస్తారు. ఆనాడు ఐరోపా మూసి ఉంటుంది. క్యాంపులో నీళ్ల ట్యాంకరు ఆగిపోయినదన్న వార్త శుక్రవారం వస్తే ఎవరికి ఫోను చేయాలో ముందే తెలిసి ఉండవలెను. అటువంటి వేళ ఈ-మెయిల్ పంపి ఊరకుండుట బాధ్యత తీర్చుకొన్నట్లు కాదు. ఫోను చేసి లేపవలెను.

గంట విలువ ఎంతో రూపాయలలో చూచిన సందర్భం ఒకటి చెప్పుతాను. ఒక విదేశీ సంస్థ ఇక్కడి తన విభాగాన్ని మూసివేస్తూ సంఘానికి ఈ-మెయిల్ ద్వారా నోటీసు పంపినది. రాజీ చర్చలలో యాజమాన్యం చూపిన ప్రతిపై జూన్ 30, సాయంత్రం 4-10 అని ఉన్నది. మన కంప్యూటరులో అదే ఉత్తరంపై జులై 1, తెల్లవారుజాము 1-40 అని ఉన్నది. రెండూ నిజమే. వారిది అమెరికా తూర్పు తీరపు గడియారం. నోటీసు నెల జూన్‌తో మొదలైనదా, జులైతో మొదలైనదా అన్నదానిపై నలభై కుటుంబాల ఒక నెల జీతం ఆధారపడి ఉన్నది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 13వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, గ్రహీత నిర్దేశించిన కంప్యూటరు వ్యవస్థలోకి ఉత్తరం ప్రవేశించినప్పుడే అది అందినట్లు. ప్రతి ఈ-మెయిల్‌కు పైకి కనిపించని శీర్షిక ఉంటుంది. అందులో బయలుదేరిన గంట, దాని ప్రక్కనే యూటీసీతో తేడా ప్లస్ లేదా మైనస్ గుర్తుతో నాలుగు అంకెలలో ఉంటాయి. దారిలో తాకిన ప్రతి యంత్రమూ తన ముద్ర వేస్తుంది, తపాలా కార్యాలయాల ముద్రల వలె. మా యువ సహచరుడు ఆ శీర్షికను అచ్చు తీసి బల్లమీద పెట్టినాడు. జులై నెల జీతం వచ్చినది. అప్పటి నుండి, తగాదా ఉన్న ఏ ఈ-మెయిల్‌నైనా మామూలు అచ్చుప్రతితో సరిపెట్టక, శీర్షికతో సహా భద్రపరచవలెనని మా జిల్లా సంఘాలకు చెప్పుచున్నాను. ఎంతమంది చేయుచున్నారో అడుగరాదు.

ఇంతవరకు చెప్పినది మెళకువ. దీని వెనుక న్యాయం అన్యాయం ప్రశ్న ఒకటి ఉన్నది. అంతర్జాతీయ సమావేశాల గంటను ఎవరు నిర్ణయిస్తున్నారు? ఆహ్వానం వ్రాసేవారు. వారు ఎక్కువగా ఐరోపాలో ఉన్నారు. జూన్‌లో బ్రస్సెల్స్‌లో మధ్యాహ్నం 2 గంటలైతే జోహాన్నెస్‌బర్గ్‌లో 2, సావోపౌలోలో ఉదయం 9, న్యూయార్కులో ఉదయం 8. హైదరాబాదులో సాయంత్రం 5-30, ఢాకాలో 6, మనీలాలో రాత్రి 8, సిడ్నీలో 10, ఫిజీలో అర్ధరాత్రి. మనకు ఇది పెద్ద కష్టం కాదు. ఫిజీ సోదరి ప్రతి నెలా అర్ధరాత్రి కూర్చుంటున్నది, ఎవరూ పట్టించుకొనలేదు. ఒకసారి ఆమె, "నా గంట మీ కాగితంలో ఎక్కడా లేదు" అని మర్యాదగా వ్రాసినది. నిజమే. ఆహ్వానంలో ఐరోపా గంట ఒక్కటే ఉన్నది. మిగిలిన వారు ఎవరి లెక్క వారు వేసుకోవాలి. లెక్క వేసుకొనే శ్రమ, లెక్క తప్పితే వచ్చే నింద, రెండూ దూరాన ఉన్నవారివే. షిఫ్టులు తిప్పవలెనని ఫ్యాక్టరీలలో మనం దశాబ్దాలుగా పోరాడినాము. ఒకే కార్మికునికి శాశ్వతంగా రాత్రి షిఫ్టు వేస్తే గేటు దగ్గర సభ పెట్టినాము. మన అంతర్జాతీయ సమావేశాలలో రాత్రి షిఫ్టు శాశ్వతంగా పసిఫిక్ దీవుల వారికి పడియున్నది. ఈ వేళలను వంతులవారీగా తిప్పవలెనని మన సమాఖ్య తరఫున ప్రతిపాదన పంపవలెనన్నది నా అభిప్రాయం. అట్లు తిప్పినచో మన వంతుకు తెల్లవారుజామున 4 గంటలు రావచ్చును. వచ్చిననాడు లేచి కూర్చుండవలెను.

హైదరాబాదు ఐ.టి. ఉద్యోగులకు ఈ సమస్య నెలకొకసారి కాదు, నిత్యం. కాలిఫోర్నియాలో ఉదయం 9 గంటలంటే ఇక్కడ వేసవిలో రాత్రి 9-30, శీతకాలంలో 10-30. అక్కడి అధికారికి అది తాజా ఉదయం. చేతిలో కాఫీతో ఒక వాక్యం వ్రాసి పంపుతాడు. ఇక్కడ పది గంటలు పనిచేసి ఇల్లు చేరిన అమ్మాయి ఫోను మ్రోగుతుంది. ఆ వాక్యంలో "వెంటనే" అన్న మాట లేకపోయినా ఆమెకు వినిపిస్తుంది. రాత్రి షిఫ్టు అయితే దానికి పేరున్నది, భత్యమున్నది, రవాణా ఉన్నది. పగలు షిఫ్టులో చేరి రాత్రి కూడా జవాబులు వ్రాసే దానికి పేరు లేదు. ఫ్రాన్సు 2017 జనవరి నుండి పని వేళల తరువాత సంబంధం తెంచుకొనే హక్కును చట్టంలో పెట్టినది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుండి పెద్ద సంస్థల ఉద్యోగులకు అటువంటి హక్కు అమలులోకి వచ్చినది. మన లోక్‌సభలో దీనిపై ప్రైవేటు సభ్యుల బిల్లులు ప్రవేశపెట్టినారు. చట్టం మాత్రం కాలేదు. చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఒప్పందాలలో ఈ అంశాన్ని చేర్చవచ్చు: పని వేళల వెలుపల వచ్చిన ఉత్తరానికి జవాబు గడువు, చదివేవారి మరుసటి పనిదినం మొదలైన గంట నుండి లెక్కించవలెను. పంపినవారి గంట నుండి కాదు.

ఈ కోర్కె పెట్టే ముందు మన ఇల్లు చూచుకొందాము. రాత్రి 11-40కి కార్యాలయ సిబ్బందికి ఈ-మెయిల్ పంపి, ఉదయం 8 గంటలకు "చూచినావా?" అని అడిగే ఆఫీసు బేరర్లు మనలో లేరా? ఉన్నారు. నేనే ఉన్నాను. ముప్పై ఏళ్ల క్రితం నేను సంఘంలో చేరిన కొత్తలో పెద్దలు ఎయిర్‌మెయిల్ ఉత్తరం వ్రాసి పది పదిహేను రోజులు జవాబుకై ఎదురుచూచేవారు. ఆ రోజులు బంగారమని నేననను. అత్యవసరమైతే టెలిగ్రామునకు మాటకింత చెల్లించి, ఆలోచించి వ్రాసేవారు. ఈనాడు పంపుటకు ఖర్చు లేదు గనుక ఆలోచన కూడా తగ్గినది. మా కార్యాలయంలో టైపు, ఉత్తరాలు చూచే సోదరి ఒకనాడు, "అన్నగారూ, మీరు రాత్రి వ్రాయండి, వద్దనను. పొద్దున 10 గంటలకు పోయేటట్లు పెట్టండి, ఆ ఏర్పాటు దానిలోనే ఉన్నది" అని చూపించినది. యాభై దాటిన తరువాత నేర్చుకొన్న విద్య అది. ఇప్పుడు రాత్రి వ్రాసినవన్నీ పొద్దున పోవుచున్నవి. పొద్దున లేచి మరల చదివితే, వాటిలో కొన్నింటిని పంపవలసిన అవసరమే ఉండదు.

2019 తరువాత మా గదిలో మూడు గోడ గడియారాలు పెట్టినాము: మనది, దోహాది, యూటీసీది. ఐరోపాకు పెట్టలేదు. ఏడాదికి రెండుసార్లు బల్ల ఎక్కి ముల్లు త్రిప్పేదెవరని అటెండరు అడిగినాడు. అడిగినది న్యాయంగా తోచినది. మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాలకు క్యాలెండరుపై ఎర్ర సిరాతో సున్న చుట్టుచున్నాము. విదేశాలకు పోయే ప్రతి ఉత్తరంలో వారం, తేదీ, నెల పేరు, మన గంట, వారి గంట, యూటీసీ గంట వ్రాసి, మూడింటినీ ఇద్దరు సరిచూచిన తరువాతనే పంపుచున్నాము. రెండు మూడు నెలలు విసుగనిపించినది. పోయిన సంవత్సరం ఒక్క సమావేశం కూడా తప్పలేదు. ఒక దానికి గంట ముందే వెళ్లి కూర్చున్నాము. అది అవతలి వారి తప్పు.

సమావేశ వేళలను వంతులవారీగా తిప్పే విషయమూ, ఒప్పందాలలో చేర్చవలసిన అంశమూ రానున్న జనరల్ కౌన్సిల్‌లో చర్చకు పెట్టదలచినాను. రాష్ట్ర, జిల్లా సంఘాల వారు తమ అనుభవాలను, ముఖ్యంగా గల్ఫ్ కేసులలో గంట, తేదీ తారుమారై నష్టం జరిగిన సందర్భాలను, సమాఖ్య కార్యాలయానికి వ్రాసి పంపవలసినదిగా కోరుచున్నాను. వ్రాసేటప్పుడు ఏ ఊరి గంటయో తెలుపగలరు.